నిద్రకు మూలికలు, మాత్రలు – రాత్రి డ్యూటీ ఉద్యోగులు
(శాఖా కార్యదర్శుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో మాకు కేటాయించిన విషయము చూచి కొందరు మిత్రులు నవ్వినారు. పెన్షను గురించియో, ఖాళీల భర్తీ గురించియో మాట్లాడవలసిన వారు అశ్వగంధ గురించి, గసగసాల గురించి మాట్లాడుటయేమి అని వారి ప్రశ్న. కాని ఖరగ్‌పూరు మొదలు గుంతకల్లు వరకు మేము ఏ లాబీకి పోయినను, ఏ సార్టింగు ఆఫీసుకు పోయినను, సమావేశము ముగిసిన పిదప ఎవరో ఒకరు మమ్ములను ప్రక్కకు పిలిచి అడుగు ప్రశ్న ఇదే. "అన్నగారూ, పగలు పడుకుంటే నిద్ర పట్టడం లేదు. ఏదైనా మంచి మందు ఉంటే చెప్పండి." బదిలీ గురించి అందరి ఎదుట అడుగుదురు. నిద్ర గురించి మాత్రము గొంతు తగ్గించి అడుగుదురు. తమలోనే ఏదో లోపమున్నట్లు, బయటికి పొక్కిన మెడికల్ బోర్డు ముందు నిలబెట్టుదురేమో అన్నట్లు అడుగుదురు. ఆ గొంతు తగ్గింపే ఈ ప్రసంగమునకు కారణము.

మేము వైద్యులము కాము. చదివినది బి.ఎ., చరిత్ర. వైద్యులను అడిగి తెలిసికొన్నది, చదివి తెలిసికొన్నది, మా ఒంటిమీద తెలిసివచ్చినది మాత్రమే మీ ముందు పెట్టుచున్నాము. మందు మానవలెనన్నను, మొదలుపెట్టవలెనన్నను మీ ఆసుపత్రి డాక్టరును అడిగియే చేయవలెను.

ముందు మా ఒంటిమీదిది చెప్పుదుము. 1990 దశకములో మేము ఆర్.ఎం.ఎస్.లో సార్టింగు అసిస్టెంటుగా ఉన్న రోజులలో వరుసగా రాత్రి సెట్లు పడినవి. పగలు రేకుల ఇల్లు, వీధిలో పిల్లల ఆటలు. రెండు గంటలకు మించి కన్ను మూతపడెడిది కాదు. స్టేషను బయట ఒక పెద్దమనిషి గుడ్డ పరచుకొని కొండ మూలికల పొడి అమ్ముచుండెడివాడు. మూడు పొట్లములు కొంటిమి. అద్భుతము! పాలలో కలిపి త్రాగిన పావుగంటలో నిద్ర, లేచునప్పటికి సాయంత్రము. తోటివారికి కూడ మేమే సిఫారసు చేసితిమి. ఒక నెల గడచిన తరువాత ఆ మనిషి మరొక ఊరికి పోయినాడు. మరుసటి రోజు నుండి మాకు చేతులు వణకుట, గుండె దడ, మూడు దినములు ఒక్క క్షణము నిద్ర లేకపోవుట. డాక్టరు అంతయు విని, "అది మూలిక కాదయ్యా, నిద్రమాత్రలు నూరిన పొడి అయి ఉంటుంది" అన్నాడు.

అంతటితో పోలేదు. ఆ నెలలోనే ఒక తెల్లవారుజామున ఒక రిజిస్టరు కట్టను కాకినాడ సంచిలో వేయవలసినది మరొక సంచిలో వేసి సీలు చేసితిమి. మెమో వచ్చినది. సంజాయిషీలో "నా అజాగ్రత్త వలన జరిగినది, క్షమింప ప్రార్థన" అని వ్రాసి ఇచ్చితిమి. అది వరుసగా ఆరవ రాత్రి. ఆ మాట కాగితముపై పెట్టవలెనని మాకు తోచనే లేదు. ఈనాటికిని మమ్ములను బాధించునది ఆ పొడి కాదు, ఆ సంజాయిషీ.

ఇక మందుల విషయము. మన ఇండ్లలో ఉన్నవాటితో ప్రారంభింతము.

రాత్రి గోరువెచ్చని పాలు త్రాగుట వలన హాని లేదు. గేదెపాలు నిద్రలేనివారికి హితమని చరక సంహిత చెప్పుచున్నది. పాలలో ట్రిప్టోఫాను అను పదార్థమున్న మాట నిజమే కాని ఒక గ్లాసులో ఉండునది స్వల్పము. పాల కంటె, పాలు త్రాగి దీపము తీసి పడుకొనుట అను అలవాటే ఎక్కువ పని చేయునని మా అనుమానము. తలకు, అరికాళ్ళకు నూనె మర్దన కూడ అటువంటిదే. ఖర్చు లేదు, ప్రమాదము లేదు, హాయిగా ఉండును. చేసికొనవచ్చును.

జాజికాయ విషయములో మాత్రము జాగ్రత్త. చిటికెడు పొడి వేరు, నిద్ర రాలేదని కాయకు కాయ అరగదీసి త్రాగుట వేరు. ఎక్కువైనచో వాంతులు, గుండె దడ, లేనివి కనబడుట మొదలగు విష లక్షణములు గంటల తరబడి ఉండును. అటువంటి స్థితిలో కేబిన్ ఎక్కిన లోకో పైలట్‌ను ఊహించుకొనండి. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. గింజలో మత్తు పదార్థము లేకున్నను కాయ పాలు అంటుకొని అతి స్వల్పముగా మిగిలియుండును. కూరలో వేసికొనునది ఏమియు చేయదు; గసగసాలు నూరి పిడికిళ్ళ లెక్కన కషాయము కాచి త్రాగువారు మాత్రము అది వంట దినుసే గదా అనుకొనరాదు. సందర్భము వచ్చినది గనుక మరొక మాట: గల్ఫు దేశములు కొన్నింటిలో గసగసాల పొట్లము వెంట తీసికొనిపోవుటయే నేరము. మీ ఇండ్లలో నుండి అటు పోవు పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు అందరు అడుగు అశ్వగంధ. మన పల్లెలలో పెన్నేరు గడ్డ అందురు. దాని శాస్త్రీయ నామములోని రెండవ మాటకు "నిద్రను కలిగించునది" అని అర్థము. పరిశోధనలు జరుగకపోలేదు. వేరు సారము కొన్ని వారములు తీసికొన్నవారికి నిద్ర కొంత మెరుగుపడినట్లు చూపినవి ఉన్నవి. కాని అవి చిన్న పరిశోధనలు, కొద్ది వారముల పరిశోధనలు, మెరుగు కూడ కొద్దిదే. సంవత్సరముల తరబడి తీసికొన్నచో ఏమగునో అవి చెప్పజాలవు. కాలేయము దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికలలో నమోదైనవి. డెన్మార్కు ప్రభుత్వము 2023లో దానిని నిషేధించినది. థైరాయిడు మాత్రలు వాడువారు, కాలేయ వ్యాధి కలవారు, గర్భిణులు, మత్తు కలిగించు ఇతర మందులు వాడువారు డాక్టరును అడుగక దాని జోలికి పోరాదు.

రన్నింగ్ సిబ్బంది ఇచ్చట మరికొంత శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. చూర్ణము వేరు, అరిష్టము వేరు. అరిష్టములు, ఆసవములు అన్నియు పులియబెట్టి చేయు మందులు. అశ్వగంధారిష్టము అట్టిదే. వాటిలో పులియుట వలన తనంతట పుట్టిన ఆల్కహాలు సామాన్యముగా నూటికి 5 నుండి 10 పాళ్ళుండును. సైన్ ఆన్ చేయునప్పుడు బ్రెత్ ఎనలైజరులో ఊదవలసిన ఉద్యోగి డ్యూటీకి ముందు రెండు మూతల అరిష్టము త్రాగి వచ్చినచో ఏమగునో మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఆ యంత్రమునకు ఆయుర్వేదము, అల్లోపతి అను భేదము తెలియదు. 2025 ఫిబ్రవరిలో దక్షిణ రైల్వే తిరువనంతపురం డివిజనులో హోమియో మందులు, దగ్గు మందులు మాత్రమే గాక కొబ్బరినీళ్ళు, కొన్ని పండ్లు కూడ డ్యూటీకి వచ్చుముందు తీసికొనరాదని సర్క్యులరు వెలువడి, విమర్శలు రాగా కొద్ది దినములకే ఉపసంహరింపబడినది. కొబ్బరినీళ్ళ మీదనే సర్క్యులరు వచ్చిన చోట అరిష్టమునకు క్షమ ఎక్కడిది?

ఇంకొక నియమమును చాలమంది మరచిపోయినారు. జనరల్ రూల్స్‌లో 2.09 నంబరు చదవండి. బండ్ల నడకతో ప్రత్యక్ష సంబంధమున్న ఏ ఉద్యోగియు డ్యూటీ ప్రారంభమునకు ముందు ఎనిమిది గంటలలోపల మద్యమే గాక, నిద్రపుచ్చు మందు గాని, మత్తుమందు గాని, ఉత్తేజకము గాని తీసికొనరాదు. లింకు చివర రన్నింగ్ రూములో మనకిచ్చు విశ్రాంతి ఎంత? ఎనిమిది గంటలు, చిన్న ట్రిప్పునకు ఆరు గంటలే. కాలు కడుగుకొని, భోజనము చేసి పడుకొనునప్పటికి గంటన్నర పోవును. రెండు గంటల ముందే కాల్ వచ్చును. ఇక నిద్రమందు ఎప్పుడు వేసికొనవలెను? నియమము తప్పక మందు వేసికొనుటకు ఆ విశ్రాంతిలో ఒక్క నిమిషమైనను లేదు. మీరు వేసికొన్నది మూలికా, మాత్రా, అది నిద్రపుచ్చు మందు కిందికి వచ్చునా, రాదా అని తరువాత విచారణాధికారి ముందు వాదించుకొనవలసినదే.

సర్పగంధి గురించి వృద్ధులు కొందరు చెప్పుచుందురు. అది ఆషామాషీ మొక్క కాదు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని వేరు రక్తపోటును తగ్గించునని బ్రిటిష్ హృదయ వైద్య పత్రికలో ప్రకటించినాడు. 1952లో దాని నుండి రెసర్పిను అను మందును వేరుచేసినారు. అది లోకమంతట వాడబడినది, మనిషిని దిగులులోనికి నెట్టునను కారణమున వెనుకకు కూడ పోయినది. ఇప్పటికే బి.పి. మాత్రలు వాడుచున్నవారు నిద్రకని సర్పగంధి తీసికొన్నచో రక్తపోటు పడిపోయి కూలబడుదురు. జటామాంసి, తగరము హిమాలయ ప్రాంతపు మొక్కలు. జటామాంసి అడవులలో అంతరించిపోవు స్థితికి వచ్చినది గనుక బజారులో ఆ పేరుతో దొరకునదెల్ల అదేయని నమ్మవలదు. తగరమునకు బంధువైన వలేరియను వేరు పాశ్చాత్య దేశములలో బాగుగా అమ్ముడుపోవును; అయినను దీర్ఘకాల నిద్రలేమికి దానిని వాడవలదని 2017లో అమెరికా నిద్రా వైద్యుల అకాడమీ సలహా ఇచ్చినది.

అన్నింటికంటె భయపడవలసినది పేరులేని పొడికి. మా అనుభవము మీకు చెప్పితిమి. తెలంగాణ జిల్లాలలో కల్తీ కల్లు కథ మీకు తెలిసినదే. అందులో కలుపునవి అల్ప్రజోలము, డయాజిపాము, క్లోరల్ హైడ్రేటు. దుకాణములు మూతపడినప్పుడెల్ల అలవాటుపడిన కూలీలు మూర్ఛలతో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రులకు చేరుట చూచుచునే ఉన్నాము. వారు త్రాగుచున్నది కల్లు అనుకొన్నారు. మేము మ్రింగుచున్నది మూలిక అనుకొంటిమి. నాలుగు వందల రూపాయల డబ్బాలో ఏమున్నదో మీకును తెలియదు. లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా లేని పొడిని ఎంత మంచి మిత్రుడు చెప్పినను ముట్టవలదు. పావుగంటలో గాఢనిద్ర ఇచ్చు "మూలిక" ఏదైనను అనుమానింపదగినదే. అట్టిదానికి ఇప్పటికే అలవాటుపడియున్నచో ఒక్కసారిగా మానవలదు, మూర్ఛలు రావచ్చును. పొట్లము చేత పట్టుకొని డాక్టరు వద్దకు పొండి.

డబ్బాలలో, రంగు సీసాలలో వచ్చు సప్లిమెంట్లు వేరొక వ్యాపారము. ఈసారి కొన్నప్పుడు చీటీ చదవండి. చిన్న అక్షరములలో "వైద్యమునకు వాడుటకు కాదు" అను అర్థము వచ్చు ఆంగ్ల వాక్యము ఉండును. చట్టము ప్రకారము ఉండి తీరవలెను. ప్రకటనలో నిద్ర మందు, చీటీలో మందు కాదు! మెగ్నీషియము మాత్రలకు నిద్ర విషయములో సాక్ష్యము బలహీనము. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారికి అవి అపాయకరము.

మెలటోనిను సంగతి కొంచెము వివరముగా చెప్పవలసి యున్నది. ఏలయన మన యువ ఉద్యోగులు ఇప్పుడు ఎక్కువగా వాడునది అదే. 1958లో అమెరికాలో ఆరన్ లెర్నర్ అను చర్మవైద్యుడు పశువుల మెదడులోని పీనియల్ గ్రంథి నుండి దానిని వేరుచేసినాడు. చీకటి పడగానే మన మెదడు తనంతట తాను దానిని విడుదల చేయును. అది మత్తుమందు కాదు. శరీరమునకు "రాత్రి అయినది" అని కబురు చెప్పు తపాలా బంట్రోతు వంటిది. కబురు చెప్పును గాని మంచము వేసి పడుకోబెట్టదు. రాత్రి షిఫ్టు చేయువారికి అది ఎంత మేలు చేయునని 2014లో కాక్రేన్ సమీక్షకులు లెక్కకట్టినారు. పగటి నిద్ర సుమారు 24 నిమిషములు పెరిగినది. ఆ సాక్ష్యము కూడ గట్టిది కాదని వారే వ్రాసినారు. ఇరవైనాలుగు నిమిషములు! మన గూడ్సు బండ్లు లూపులైనులో అంతకంటె ఎక్కువసేపు నిలబడును. పైగా 2023లో అమెరికాలో మెలటోనిను చప్పరింపు బిళ్ళలు 25 రకములు పరీక్షించగా 22 రకములలో చీటీపై వ్రాసిన మోతాదుకు, లోపలి మోతాదుకు పొంతన లేదు. ఒకదానిలో మెలటోనినే లేదు. డాక్టరు సలహాపై, తక్కువ మోతాదులో, కొద్దికాలము వాడుట వేరు. స్నేహితుడిచ్చిన పది మిల్లీగ్రాముల మాత్ర వేసికొని సాయంత్రము డ్యూటీకి బయలుదేరుట వేరు.

ఇన్ని మందులు ఉండియు ఒక్కటియు సరిగా పనిచేయకపోవుటకు కారణమున్నది. మనకు వచ్చినది నిద్ర పట్టని రోగము కాదు, నిద్రించు వేళను పోగొట్టుకొన్న స్థితి. శరీరములో ఒక గడియారమున్నది. దాని యంత్రాంగమును కనుగొన్న హాల్, రోస్‌బాష్, యంగ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. ఆ గడియారము సూర్యుని వెలుతురును చూచి నడచును, రోస్టరును చూచి కాదు. తెల్లవారుజామున మూడు నుండి అయిదు వరకు శరీరపు వేడిమి తగ్గి, మెలకువ అట్టడుగునకు పోవును. వి.సి.డి. మోగుచున్నను చేయి దానంతటదే నొక్కును, కన్ను మాత్రము ఒక సెకను ఆలస్యముగా తెరచుకొనును. రాత్రి గస్తీ తిరుగు ట్రాక్‌మన్, పానెల్ ముందు కూర్చున్న స్టేషన్ మాస్టరు, సంచుల మధ్య మెయిల్ గార్డు, అందరి అనుభవము అదే. ఉదయము ఏడు గంటలకు ఇంటికి పోవునప్పుడు ముఖముపై పడు ఎండ ఆ గడియారమునకు "పగలైనది, లెమ్ము" అని చెప్పును. మనము పడుకొనబోవునది అప్పుడు.

పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తములో 0.05 శాతము ఆల్కహాలు ఉన్న మనిషి పనితీరుతో సమానమని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తేల్చినారు. మన దేశములో మోటారు వాహనము నడుపువానికి చట్టము విధించిన హద్దు 0.03 శాతము. ఆల్కహాలును పట్టు యంత్రము ప్రతి లాబీలో ఉన్నది. పదిహేడు గంటల మెలకువను పట్టు యంత్రమును మేము ఏ లాబీలోను చూడలేదు. ఇంగ్లండులో 1988 డిసెంబరు 12న క్లాఫమ్ జంక్షను వద్ద బండ్లు ఢీకొని 35 మంది మరణించినారు. ఒక పాత తీగను సరిగా తొలగించని సిగ్నల్ టెక్నీషియన్ అంతకు ముందు 13 వారములలో ఒక్క రోజు మాత్రమే సెలవు తీసికొన్నాడని విచారణలో తేలినది. విచారణ జరిపిన న్యాయవాది ఆ 13 వారములను నివేదికలో వ్రాసినాడు. మన విచారణలలో ఎన్నవ రాత్రి అను గడి ఫారములోనే లేదు.

ఇక చట్టము ఏమి ఇచ్చుచున్నది? 1989 రైల్వే చట్టము 133వ సెక్షను చదివినవారు ఎందరు? లోకో, ట్రాఫిక్ రన్నింగ్ సిబ్బందికి నెలకు 30 గంటలకు తగ్గని విశ్రాంతులు నాలుగు గాని, 22 గంటలకు తగ్గనివి అయిదు గాని ఇవ్వవలెను, అందులో ఒక నిండు రాత్రి కలిసి యుండవలెను. నిండు రాత్రి అను మాట చట్టములోనే ఉన్నది. అనగా నెలకు నాలుగో, అయిదో రాత్రులు మీవి. "ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్" అని పేరుపెట్టిన గేట్‌మన్ సోదరులకు వారమునకు 75 గంటల పని వరకు చట్టము అనుమతించుచున్నది. ఒక్క నిండు రాత్రితో కూడిన 24 గంటలు వారి వారపు విశ్రాంతి. 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ సూత్రమును ప్రభుత్వముచేత అంగీకరింపజేసినారు. మరుసటి యేడు మేలో దేశవ్యాప్త సమ్మె. ఆ తరము అడిగినది పని గంటలు గనుక మనము అందరము వేతనమునే గుర్తుంచుకొని, గంటలను మరచితిమి. వరుస రాత్రులు రెండింటికి మించరాదని రన్నింగ్ సిబ్బంది నేటికిని అడుగుచునే యున్నారు. ఒక రాత్రి పని విలువ ఎంతయని ప్రభుత్వమును అడిగినచో, గంటకు పది నిమిషముల వెయిటేజి అని లెక్క చెప్పును. 2020 జూలై ఉత్తర్వులో మూల వేతనము 43,600 రూపాయలు దాటినవారికి ఆ పది నిమిషములు కూడ లేవన్నారు. వేతనము పెరిగినవానికి రాత్రి పగలగునేమో!

వాగ్భటుని అష్టాంగ హృదయములో ఒక చికిత్స ఉన్నది. అలవాటు లేని రాత్రి జాగరణ చేసినవాడు, మేలుకొన్న కాలములో సగము మర్నాటి ఉదయము భోజనమునకు ముందు నిద్రించవలెనని. మూలిక పేరు చెప్పలేదు. గంటలే చెప్పినాడు. నిద్రను ఆహారముతో సమానముగా శరీరమును నిలుపు ఊతలలో ఒకటిగా ఎంచిన వైద్యము మనది. ఆ వైద్యము పేరనే పొట్లము కట్టి, గంటలు పోగొట్టుకొన్నవానికి అమ్ముచున్నారు. రోస్టరు వేసినవారికి కూడ ఇది సుఖముగానే ఉన్నది. మందు కొనుక్కొను ఉద్యోగి వినతిపత్రము వ్రాయడు.

అట్లని కోర్కెలు సాధించువరకు కండ్లు తెరచుకొని ఉండుమని మేము చెప్పము. మాకు, మా మిత్రులకు పనికివచ్చినవి కొన్ని ఉన్నవి. రాత్రి డ్యూటీకి పోవుముందు మధ్యాహ్నము గంటన్నర పడుకొనండి. టీ, కాఫీ షిఫ్టు మొదటి సగములోనే త్రాగి ఆపివేయండి. త్రాగినదానిలో సగము అయిదు గంటల తరువాత కూడ రక్తములో తిరుగుచునే ఉండును. ఇంటికి పోవునప్పుడు నల్లద్దములు పెట్టుకొనండి. రంగులు చూచి నవ్వువారు నవ్వనిండు. కిటికీకి నల్ల దుప్పటి కట్టి, ఫోను మరొక గదిలో ఉంచి, వీలైనంత త్వరగా పడుకొనండి. ఇరవై నిమిషములలో నిద్ర రాకున్నచో మంచముపై పొర్లక లేచి కూర్చుని, మగత వచ్చినప్పుడు మరల పోవలెను. నిద్రలేమికి మందుల కంటె ముందు ఇటువంటి అలవాట్ల చికిత్సనే ఇవ్వవలెనని 2016లో అమెరికా వైద్యుల కళాశాల సిఫారసు చేసినది. మద్యము నిద్ర తెచ్చునన్న మాట సగము నిజము. తెచ్చిన నిద్రను రెండవ జాములో అదే విరిచివేయును.

సోదరీమణుల విషయము వేరుగా చెప్పక తప్పదు. రాత్రి సెట్ దిగి ఇంటికి పోయిన పురుషుడు పడుకొనును. అదే సెట్ దిగిన స్త్రీ పొయ్యి వెలిగించును. పిల్లలను బడికి పంపి, పదకొండు గంటలకు నడుము వాల్చి, మూడు గంటలకు మరల లేచును. ఆమెకు నల్ల దుప్పటి చెప్పి ఏమి లాభము? ఆ ఇంటిలోని పురుషులలో కొందరు ఈ హాలులోనే కూర్చుని ఉన్నారని మాకు తెలియును.

ఇంకొకటి. పెద్దగా గురక పెట్టి, నిద్రలో శ్వాస ఆగినట్లయి ఉలికిపడి లేచువారు, ఎనిమిది గంటలు పడుకొన్నను పగలెల్ల తూగువారు మూలికల జోలికి పోక పరీక్ష చేయించుకొనవలెను. వైద్యులు దానిని స్లీప్ ఆప్నియా అందురు. దానికి ఏ ఆకు, ఏ వేరు పనిచేయదు. మత్తు మందు వేసినచో మరింత ముదురును. గాలి ఒత్తిడి నిచ్చు యంత్రము, బరువు తగ్గుట, వీనితో మనిషి తిరిగి మనిషియగును. మెడికల్ కేటగిరీ పోవునేమోనన్న భయముతో దాచుకొనువారు ఉన్నారు. వారి భయము అర్థములేనిది కాదు. వైద్యమునకు ముందుకు వచ్చిన ఉద్యోగికి జీతము, గ్రేడు తగ్గని ప్రత్యామ్నాయ పని ఇవ్వవలెనని మనము అడుగవలసినది అందుకే. ఒంటరిగా ఒక్కడు అడుగలేడు.

అడుగుటకు చేతిలో కాగితముండవలెను. అధికారులతో కూర్చున్నప్పుడు "మా వారికి నిద్ర లేదు" అన్నచో "అందరికీ ఉన్న సమస్యే కదా" అని టీ తెప్పించుదురు. కనుక మీ చేతికి ఇప్పుడిచ్చిన చిన్న నోటుపుస్తకమును చూడండి. ప్రతి శాఖ నుండి ఇరువది మంది, ఒక నెల పాటు వ్రాయవలెను. రైల్వేవారు సైన్ ఆన్, సైన్ ఆఫ్ వేళలు, ఆర్.ఎం.ఎస్.వారు సెట్ మొదలు, ముగింపు వేళలు. ఇది వరుసగా ఎన్నవ రాత్రి. ఎన్ని గంటలకు పడుకొన్నారు, ఎన్ని గంటలకు లేచినారు, కాల్ ఎన్ని గంటలకు వచ్చినది. ఊహించి వ్రాయవలదు, లేవగానే వ్రాయవలెను, తప్పిపోయిన రోజును ఖాళీగా వదలవలెను. ఆ లెక్కలు కూర్చి రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశమునకు, తపాలాలో జె.సి.ఎం. కౌన్సిలుకు పెట్టు పని మాది.

చివరి గడిలో నిద్ర కొరకు తీసికొన్నది ఏమిటో వ్రాయండి. పాలైనను, పొడియైనను, మాత్రయైనను, మద్యమైనను ఉన్నదున్నట్లు వ్రాయండి. పుస్తకముపై పేరు వద్దు, పి.ఎఫ్. నంబరు వద్దు, శాఖ పేరు ఒక్కటి చాలును.